నాలుగు వేళ్ళ సందు

మేస్త్రీకి టేపు అంటే గిట్టదు. అతని మెకానిక్ షెడ్డులో టేపులు లేక కాదు, గోడకి మేకు కొట్టి తగిలించినవి ఉన్నాయి, దుమ్ము కొట్టుకుపోయి. ఇంజన్‌ని బండిలోకి దించాక దాని చుట్టూ ఎంత సందు మిగిలిందో చూడాలంటే అతను చేతినే దూరుస్తాడు. వేళ్ళు దగ్గరగా జోడించి సందులో పెడితే, చూపుడు వేలు ఒకవైపు, చిటికెన వేలు రెండోవైపు తగలాలి. నాలుగు వేళ్ళూ పడితే సరే. పట్టలేదా, ఇంజన్ మళ్ళీ పైకి లేవాల్సిందే, బండిగలాయన ఎంత గింజుకున్నా సరే. ఇనుము వేడెక్కితే ఒళ్ళు విరుచుకుంటుంది, దానికి చోటుంచాలి, ఆ చోటెంతో చేతికే తెలుస్తుంది అని పని నేర్పినాయన చెప్పాడు. అంతే, ఇన్నేళ్ళూ ఆ పద్ధతి మార్చలేదు.

ఈసారి బండిగలాయన పరాయివాడు కాదు. సొంత అక్క మొగుడు.

బావకి ఆ పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారంటే పిచ్చి. ఒకప్పుడు ఎర్రగా మెరిసిన బండి, ఇప్పుడు రంగు వెలిసి ఇటుకలా అయింది. అయినా రోజూ తుడవాల్సిందే, దాంతో నాలుగు మాటలు చెప్పుకోవాల్సిందే. అక్క దాన్ని "మా సవతి" అంటుంది. ఏటా కొండదారి మీద జరిగే పోటీలో బావ ఆ బండితోనే దిగుతాడు. కిందటేడు మాత్రం పరువు పోయింది.

"కుర్రకుంకలు దాటిపోతూ నాకు టాటా చెబుతున్నార్రా! టాటా! నాకు!" అని షెడ్డులోకొచ్చి కూలబడ్డాడు. "దీని గుండె ముసలిదైపోయింది. పెద్ద గుండె పెట్టాలి."

ఆ పెద్ద గుండెని తుక్కు కొట్లో వెతికి పట్టుకుంది కూడా బావే. ఆరు సిలిండర్ల ఇంజన్. నల్లగా, పొడుగ్గా, ఎక్కడా గీత కూడా లేదు. తుక్కు కొట్టాయన దాచలేదు పాపం, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"ఇది ఉన్న బండి గోడని గుద్దింది బాబూ. బండి నుజ్జు నుజ్జయింది, దీనికి మాత్రం ఏమీ కాలేదు. బిగించిన పట్లు తెంచుకుని వెనక్కొచ్చి, నడిపేవాడి ఒళ్ళో కూర్చుంది. వాణ్ణీ దీన్నీ విడదీయడానికి మాకు ఒక పూట పట్టింది. నా మాట విని ఇంకోటి చూసుకోండి."

పక్కనే ఉన్న మేస్త్రీ ఇంజన్ మీంచి చెయ్యి తీసేశాడు. బావ మాత్రం ఆ మాట పెడచెవిన పెట్టి, ఇంజన్ మీద చెయ్యేసి గేదెని నిమిరినట్టు నిమిరాడు.

ఇంటి దగ్గర అక్క నోరు మూసుకుని ఊరుకోలేదు. మొగుడితో ఒక విడత పోట్లాడి, లాభం లేక, తమ్ముడి దగ్గరికొచ్చింది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. గ్రీజు అంటుకుంటుందని కూడా చూడకుండా అతని రెండు చేతులూ పట్టుకుంది.

"ఒరేయ్ చిన్నోడా, ఆయన నా మాట వినడు. నాకున్నది మీరిద్దరే. ఆయన్ని ఈ చేతుల్లో పెడుతున్నాను."

"నేనుండగా బావకేమీ కాదక్కా" అన్నాడు మేస్త్రీ. ధీమాగానే అన్నాడు, చేతి మీద అంత నమ్మకం మరి.

చిన్న ఇంజన్ ఉన్న చోట పెద్దది పడుతుందా? పట్టదు. ఇంజన్‌కీ, మనుషులు కూర్చునే చోటికీ మధ్య ఒక రేకు గోడ ఉంటుంది. దాన్ని కోసి, వెనక్కి జరిపి, మళ్ళీ అతకాల్సొచ్చింది. అంటే నడిపేవాడి కాళ్ళకి అంత దగ్గరగా రేకు వచ్చిందన్నమాట. బావ సీట్లో కూర్చుని కాళ్ళు చాపి, పెడల్స్ తొక్కి చూసి, "భేష్" అన్నాడు. ఇంజన్ దించారు. మేస్త్రీ రేకుకీ ఇంజన్‌కీ మధ్య చెయ్యి దూర్చాడు. నాలుగు వేళ్ళూ పట్టాయి. ఇంజన్‌ని బిగించిన పట్లు ఎక్కడున్నాయో చాసిస్ మీద సుద్దతో గీతలు గీసి, షట్టర్ దించి ఇంటికెళ్ళాడు.

మర్నాడు చూస్తే మూడు వేళ్ళే పట్టాయి.

బరువుకి ఇంజన్ కాస్త వాలిందనుకున్నాడు. కింద దూరి చూశాడు. సుద్ద గీతల మీదే ఉన్నాయి పట్లన్నీ, బోల్టులు వెంట్రుకవాసి కదల్లేదు. ఎందుకైనా మంచిదని అదనంగా రెండు ఇనప పట్టీలు వెల్డింగ్ చేశాడు. మళ్ళీ మర్నాటికి రెండు వేళ్ళు. గీతలు చెరగలేదు. ఇంజన్ కదల్లేదు. సందు తగ్గింది! ఇదెక్కడి చోద్యం? తన కళ్ళే మోసం చేస్తున్నాయనుకుని, గోడ మీది టేపు దులిపి కొలిచాడు. టేపూ అదే చెప్పింది.

అప్పుడు వచ్చింది ఆ వాసన. ఆయిల్ వాసన కాదు, పెట్రోల్ కాదు. పన్ను ఊడినప్పుడు నోట్లో ఉంటుందే, ఆ వాసన.

ఎవరితో చెబుతాడు? అక్కతో చెబితే హడలి చస్తుంది. బావతో చెబితే పడీ పడీ నవ్వుతాడు. పోటీ రేపు పొద్దున. ఇంజన్ తీసేసి, పాతది బిగించేసి, తర్వాత బావ కాళ్ళు పట్టుకుందామని తేల్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం వాన మొదలైంది. రేకుల కప్పు మీద ఒకటే మోత. మబ్బుకి షెడ్డు లోపల చీకటి పడ్డట్టే ఉంది. మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. బ్యాటరీ పీకి బల్ల మీద పెట్టాడు. పెట్రోల్ గొట్టం ఊడదీశాడు. పై దూలానికి వేలాడే చైన్ కప్పీని బండి మీదికి లాగి, కొక్కెం ఇంజన్‌కి తగిలించాడు. బోల్టులు విప్పడానికి పానా తీసుకున్నాడో లేదో, షట్టర్ కిందనుంచి వంగి బావ లోపలికొచ్చాడు, తల తుడుచుకుంటూ.

"ఏంట్రా ఈ కొక్కెం? ఏం చేస్తున్నావ్?"

"తీసేస్తున్నా బావా."

"మతి పోయిందా నీకు?" అంటూ బావ విసురుగా తలుపు తీసి, డ్రైవర్ సీట్లో కూర్చుని, స్టీరింగ్ పట్టుకున్నాడు. "దించు చూద్దాం నన్ను. నేను కదిలితే కదా నువ్వు దీన్ని కదిపేది!"

"పసిపిల్లాడివా బావా నువ్వు? దిగు. సందు మూసుకుపోతోంది. రోజూ మూసుకుపోతోంది. పొద్దున రెండు వేళ్ళే పట్టాయి. కావాలంటే చూడు…"

మేస్త్రీ ఇంజన్ మీదుగా వంగి, చూపిద్దామని కుడిచెయ్యి సందులోకి దూర్చాడు.

నాలుగు వేళ్ళూ పట్టాయి.

హాయిగా పట్టాయి. మొదటి రోజులాగే.

"ఊఁ, ఏదీ?" అన్నాడు బావ వెక్కిరింపుగా. అంతలోనే గొంతు మారింది. "ఒరేయ్… ఇక్కడ కింద ఏం పెట్టావు?"

"ఎక్కడ?"

"పెడల్స్ దగ్గర…" బావ గుసగుసలాడాడు. "కాళ్ళున్నాయిరా… నా కాళ్ళ పక్కన… ఇంకెవరివో…"

కరెంటు పోయింది.

వాన మోతలో ఒక చిన్న శబ్దం. ఇంజన్ దగ్గింది. ఒక్కసారే. బ్యాటరీ లేదు. పెట్రోల్ లేదు. దగ్గింది.

"బావా, దూకెయ్!"

సందు మూసుకుంది.

ముందు చిటికెన వేలు విరిగింది. ఎండు పుల్ల విరిగినట్టు వినబడింది కూడా. ఆ తర్వాత మిగతావి, ఒకదాన్నొకటి నొక్కుకుంటూ. మేస్త్రీ అరిచిన అరుపు అతనికే వినబడలేదు, ఎందుకంటే బావ అంతకన్నా గట్టిగా అరుస్తున్నాడు. రేకు గోడ లోపలికి ఉబ్బి, బావ మోకాళ్ళని సీటుకేసి అదిమింది. బ్రేకు పెడల్ వంకర తిరిగి పిక్కలోకి దిగింది. నెత్తురు మేస్త్రీ మోచేతి మీదుగా జారి ఇంజన్ మీద పడుతోంది. పడ్డచోట చుయ్యిమంటోంది. చల్లగా ఉండాల్సిన ఇంజన్ పెనంలా కాలుతోంది.

మేస్త్రీ ప్రాణభయంతో చెయ్యి వెనక్కి గుంజాడు. రాలేదు. గుంజిన కొద్దీ ఇంజన్ ఇంకాస్త లోపలికి వెళ్ళింది. బావ తొడ ఎముక ఫట్మంది.

"తియ్యొద్దురా…" బావ కీచుగా అన్నాడు. "చెయ్యి తియ్యొద్దు… నువ్వు తీస్తే… అది వచ్చేస్తోంది…"

అప్పుడర్థమైంది మేస్త్రీకి. దానికీ బావకీ మధ్య ఉన్నది తన నాలుగు వేళ్ళే. అవి ఉన్నంతసేపే ఆగుతుంది. అక్క పట్టుకున్న చెయ్యి అది. పళ్ళు బిగించి, ఏడుస్తూ, బూతులు తిడుతూ, ఆ చేతిని తనే ఇంకా లోపలికి తోశాడు.

ఇంజన్ ఆగింది. నమిలింది… ఆగింది… మళ్ళీ నమిలింది…

ఎడమచేత్తో చీకట్లో తడుముకున్నాడు. చైన్ దొరికింది. కిందికి లాగాడు. జారిపోకుండా పళ్ళతో పట్టుకుని, మళ్ళీ చేత్తో లాగాడు. పన్నొకటి ఊడింది. పైన కప్పీ కరకరలాడింది. దూలం మూలిగింది. విప్పని బోల్టులూ, తన చేత్తో తనే వెల్డింగ్ చేసిన పట్టీలూ ఒక్కొక్కటే ఫట్, ఫట్మని తెగాయి. ఇంజన్ గింజుకుంటూ పైకి లేచింది. రేకు చిరిగింది. మేస్త్రీ వెనక్కి పడ్డాడు. చెయ్యి వచ్చింది.

వేళ్ళు రాలేదు.

బావని చంకల కింద పట్టుకుని బయటికీడ్చాడు, ఎలా ఈడ్చాడో ఆ దేవుడికే తెలియాలి. షట్టర్ దగ్గర, వానలో, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఉండగా పక్క కొట్టువాళ్ళు పరిగెత్తుకొచ్చారు. లోపల ఇంజన్ గొలుసుకి వేలాడుతూ అటూ ఇటూ ఊగుతోంది. గాలి లేదు. ఊగుతోంది.

వేళ్ళ కోసం పక్క కొట్టువాళ్ళు బండంతా గాలించారు. నేల మీద లేవు, చిరిగిన రేకులో లేవు, ఎక్కడా లేవు. తుక్కు కొట్టాయన కబురు తెలిసి తనే వచ్చి ఇంజన్‌ని మోయించుకుపోయాడు. సమ్మెటతో ముక్కలు చేయించి, తన కళ్ళ ముందే కొలిమిలో కరిగించానని ఒట్టేసి చెప్పాడు. హమ్మయ్య, పీడ వదిలిందని అందరూ అనుకున్నారు.

బావ బతికాడు. ఆసుపత్రిలో మూడో అంతస్తు, చివరి గది. రెండు కాళ్ళకీ ఇనప రాడ్లు వేసి, గోడ పక్కన మంచం మీద పడుకోబెట్టారు. అక్క పగలూ రాత్రీ అక్కడే. తమ్ముడు కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని రాగానే లేచి, ఆ కట్టుని కళ్ళకద్దుకుంది.

"నీ రుణం ఎలా తీర్చుకోనురా చిన్నోడా?"

"ఊరుకో అక్కా. నువ్వు పెంచిన చెయ్యేగా."

బావ మందు మత్తులో మూలిగాడు. "ఒళ్ళో బరువుగా ఉందే… కాలుతోంది… తీసెయ్యవే…"

"దుప్పటే కదండీ" అంది అక్క, దాన్ని సర్దుతూ. తర్వాత తమ్ముడి వైపు తిరిగి చిరాగ్గా అంది: "ఈ మంచం ఎవరు జరుపుతున్నారో తెలీడం లేదురా. పొద్దున దుప్పటి అంచు మడవడానికి గోడ పక్కన నా చెయ్యి దూరింది. ఇప్పుడు దూరడం లేదు."

మేస్త్రీ వంగి చూశాడు. మంచం చక్రాలకి తాళం వేసే ఉంది. నేల మీద చక్రాలు ఈడ్చిన జాడ లేదు. అప్పుడే, లేని నాలుగు వేళ్ళూ ఒక్కసారిగా సలపడం మొదలుపెట్టాయి, ఎవరో నెమ్మదిగా, ఒకదాని మీద ఒకటి నొక్కుతున్నట్టు.

"అక్కా, పక్కకి జరుగు. నర్సుని పిలువు. నలుగురిని పిలువు, ఈ మంచం ఇక్కణ్ణించి లాగెయ్యాలి."

"ఏమైందిరా?"

"పరిగెత్తక్కా!"

అక్క పరిగెత్తింది. గదిలో పన్ను ఊడినప్పటి ఆ వాసన వేసింది. మేస్త్రీ ఒక్కచేత్తో మంచాన్ని లాగాడు. కదల్లేదు. మంచానికీ గోడకీ మధ్య రెండు వేళ్ళ సందు మాత్రమే మిగిలింది. అతను మిగిలిన ఎడమచెయ్యి చూసుకున్నాడు. చూసుకుని, దాన్ని సందులోకి దూర్చాడు. నాలుగు వేళ్ళూ పట్టేలా సందు విడిచింది, హాయిగా.

"నేనున్నా బావా" అన్నాడు. ఏడుపు ఆగలేదు.

గోడ వేడిగా ఉంది. దాని అవతల ఇంకో గది లేదు, వరండా లేదు. మూడంతస్తుల ఎత్తున వట్టి గాలి తప్ప ఏమీ లేదు. అక్కడినుంచి, గోడకి ఆనుకుని ఉన్నట్టుగా, ఏదో ఒక్కసారి దగ్గింది.