చెరిపేసిన అడ్రస్

"పదకొండున్నరకి ఒకావిడ ఉద్యోగానికి అప్లికేషన్ నింపింది. దగ్గరి బంధువుగా తమ్ముడి పేరు రాసి, అడ్రస్ కూడా కొట్టి, అనుమానమొచ్చి అడ్రస్ చెరిపేసింది. సబ్మిట్ నొక్కకుండానే వెళ్ళిపోయింది," అన్నాడు చీఫ్. "ఆ తమ్ముడు మన ఇన్‌ఫార్మర్. ఇందాకే ఫోన్ చేశాడు."

దర్జీ గడియారం చూసుకున్నాడు. రాసిన కోడ్‌లో కుట్టు కనబడదని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది. ఆ ఫారమ్ కుట్టింది అతనే. మూడేళ్ళ క్రితం, పరాయి దేశపు ముఠా నడిపే ఆ ఉద్యోగాల ఆఫీసులో ప్రోగ్రామర్ వేషంలో చేరి కొన్నాళ్ళు పనిచేశాడు. వాళ్ళు నమ్మాలంటే పని బాగా చేయాలి కదా. మరీ బాగా చేశాడు. ఒక గడి నింపి పక్క గడిలోకి వెళ్ళగానే రాసింది డేటాబేస్‌లో పడిపోతుంది. పేజీ రీలోడ్ కాదు, స్క్రీన్ రెప్ప వేయదు. ఖాళీ గడిని మాత్రం సేవ్ చేయదు. అంటే, చెరిపింది చెరగదు. ముఠా నాయకుడు భుజం తట్టిన రోజున దర్జీ లోలోపల పొంగిపోయాడు కూడా. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపించింది.

తాము చంపాలనుకునే వాళ్ళ అడ్రస్‌లు దొరుకుతాయేమోనని ముఠా రోజూ పన్నెండున్నరకి డేటాబేస్ నుంచి లిస్టు తీస్తుంది. ఇన్‌ఫార్మర్ కాలు విరిగి మంచం మీదున్నాడు, ఆలోపు కదిలించలేరు. ఉన్న దారి ఒక్కటే. ఆవిడ కూర్చున్న కంప్యూటర్‌లో ఆ పేజీ ఇంకా తెరిచే ఉంటే, అదే గడిలో వేరే అడ్రస్ కొట్టాలి. పాతదాని మీద కొత్తది కూర్చుంటుంది. ఈలోపు ఎవరైనా రీఫ్రెష్ చేస్తే కథ ముగిసినట్టే.

పన్నెండూ ఇరవై అయిదుకి, పాతవాళ్ళు గుర్తుపట్టకుండా పెట్టుడు మీసంతో, ప్రింటర్ మెకానిక్ వేషంలో లోపలికి వెళ్ళాడు. రిసెప్షన్‌లో ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న అందగత్తె, ముఠా జీతమూ డిపార్ట్‌మెంట్ జీతమూ రెండూ తీసుకునే మనిషి. ఏ రోజు ఎటు మొగ్గుతుందో ఎవరికీ తెలియదు.

"ప్రింటర్ అరిగిందన్నారు," అన్నాడు.

ఆమె ఒక్క క్షణం అతన్ని తేరిపార చూసింది. "అరగలేదు, అలిగింది," అంది. కోడ్ సరిపోయింది.

ఆమె చూపు మూడో కంప్యూటర్ మీదికి వెళ్ళింది. అక్కడ అప్పుడే ఒకాయన కూర్చుని మౌస్ అందుకుంటున్నాడు. ఆమె నవ్వుతూ వెళ్ళి, అది పాడైందని చెప్పి ఆయన్ని పక్క కుర్చీలోకి మార్చింది.

దర్జీ కూర్చున్నాడు. పేజీ అలాగే ఉంది. అడ్రస్ గడి తెల్లగా, ఏమీ ఎరగనట్టుంది. ఇలా చెరిపేసి, నిశ్చింతగా ఇంటికెళ్ళిన వాళ్ళు ఈ మూడేళ్ళలో ఎంతమందో. సాయుధ బృందం కాపు కాస్తున్న ఖాళీ ఇంటి అడ్రస్ కొట్టి, పక్క గడిలోకి వెళ్ళాడు. స్క్రీన్ మీద ఏదీ కదలలేదు. గోడ గడియారంలో పన్నెండూ ఇరవై తొమ్మిది.

మూడింటికల్లా నలుగురు హంతకులు ఆ ఇంట్లోకి నడిచొచ్చి దొరికిపోయారు. ఆఫీసుకి తాళం పడింది. అంతకుముందు చెరిపేసుకున్న వాళ్ళ సంగతేమిటని దర్జీ అడిగితే, చీఫ్ ఆ కేసు ఫైలు మూసి బీరువాలో పెట్టాడు.

సాయంత్రం ఇన్‌ఫార్మర్‌ని చూడ్డానికి వెళితే, అక్కే తలుపు తీసింది.

"వేళకి చెరిపేశాను కాబట్టి సరిపోయింది బాబూ. లేకపోతే నా తమ్ముణ్ణి నేనే చంపుకునేదాన్ని."

"అవునక్కా, మంచిపని చేశావు," అన్నాడు దర్జీ.

పద్దెనిమిదేళ్ళుగా అబద్ధాలాడడం అతని ఉద్యోగం. సొంతానికి ఆడింది మాత్రం ఇదే మొదటిసారి.