వంతెన మీద ఎర్రజెండా

“నేను రాసిన వాక్యానికి ఎర్రజెండా పాతింది మీరేనా?”

గ్రంథాలయంలో బల్ల వెనుక కూర్చున్న ఆమె వెంటనే తలెత్తలేదు. చేతిలోని పుస్తకం మూసి, రిబ్బను సరిచేసి, ఆ తర్వాతే ఎదుటి యువకుణ్ణి పరిశీలించింది. అతని గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. కళ్ల నుంచి నిప్పులు రాలుతున్నాయి.

“ముందా గొడుగు బయట పెట్టి రండి. అప్పుడు పోట్లాడుకుందాం.”

అతడు బుద్ధిగా పెట్టి వచ్చాడు. సగం కోపం అక్కడే ఉండిపోయింది.

నగరంలోని వీధులను, వంతెనలను గురించి పౌరులందరూ కలిసి అంతర్జాలంలో రాసుకునే వికీ ఒకటుంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా మార్చవచ్చు. ఏ మార్పునైనా నింపాదిగా పరిశీలించాలనిపిస్తే, దానికి ఈమెలాంటి సమీక్షకులు ఎర్రజెండా గుర్తు పెడతారు. బడిలో భూగోళం బోధించే ఈ యువకుడు కొత్తగా అందులో చేరాడు. అతని మొదటి రెండు మార్పులూ తిరస్కరణకు గురయ్యాయి. మరొక్కటి పోతే రాసే హక్కే రద్దవుతుంది.

“‘పాత వంతెన నడుమ నిలబడితే, వాన నదిని దాటి మన దగ్గరికి రావడం కళ్లారా చూడవచ్చు. గొడుగు తెరుచుకునే వ్యవధి కూడా ఇస్తుంది.’ ఇదేగా మీ వాక్యం?”

“చూడకుండా చెప్పేశారే!”

“చదవకుండా జెండా పెడతామా ఏంటి?” అన్నదే గాని ఆమె చెంపలు ఎరుపెక్కాయి.

“మరి నా మీద అంత అనుమానమెందుకండీ?”

“అనుమానమని ఎవరన్నారు? మాస్టారూ, మీరు నియమాలు చదివారా అసలు? జెండా పడ్డ మార్పుని సమీక్ష అయ్యేదాకా ఎవరూ చెరపలేరు. ప్రధాన సమీక్షకుడైనా సరే. ఆయన ‘ఇది సమాచారమా, కవిత్వమా?’ అంటూ చెరపబోతుంటే, నేను ముందే జెండా పెట్టేశాను. నేను కాపాడుతుంటే మీరేమో గొడుగేసుకుని యుద్ధానికొచ్చారు!”

“ఎవరండీ ఆ చాదస్తపు మనిషి?”

“మా నాన్న.”

ఆదివారం సాయంత్రం వంతెన మీదనే సమీక్ష జరిగింది. ఆమె తండ్రి విశ్రాంత ఇంజనీరు. మడత నలగని చొక్కా, బిగించి చుట్టిన గొడుగు. “చీకటి పడేలోగా రుజువు కాకపోతే చెరిపేస్తానబ్బాయ్,” అని ముందే హెచ్చరించారు.

మబ్బులు కమ్ముకున్నాయి గాని చినుకు లేదు. వెలుతురు సన్నగిల్లుతోంది.

“భయంగా ఉందా?” ఆమె మెల్లగా అడిగింది.

“ఇది పోతే నేను రాయలేను. నేను రాయకపోతే మీరు జెండా పెట్టరు. అదండీ నా భయం.”

ఆమె నదివైపు తిరిగింది. తిరిగీ తిరగగానే కేక వేసింది. “నాన్నా! అటు చూడండి!”

అవతలి గట్టున ఇళ్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. నున్నని నీటిపై గరుకైన తెర ఒకటి గీత గీసినట్లు ముందుకు సాగి వస్తోంది. దాని ఇవతల నది నిశ్చలంగానే ఉంది.

“గొడుగు తెరవండి నాన్నా!”

“వ్యవధి ఇస్తుందని రాశాడుగా, తొందరేముంది? ఆహా, నడిచొస్తోందే! నిజంగా నడిచొస్తోంది!”

కళ్లప్పగించి చూస్తున్న పెద్దాయనను వాన తల నుంచి పాదాల దాకా ముంచెత్తింది. ఆయన పసివాడిలా నవ్వారు. ఫోను తడవకుండా చేయి అడ్డుపెట్టి, అక్కడికక్కడే ఒక మీట నొక్కారు.

“ఆమోదించాను! అక్షరం మార్చక్కర్లేదు.”

అతడు రెండు చేతులూ గాలిలోకి ఎత్తి గంతు వేశాడు. పెద్దాయన కూతురివైపు ఓరగా చూశారు.

“వాక్యం సంగతి తేలిందమ్మా. మరి ఈ అబ్బాయి సంగతేంటి? నాకు చెవుడేం లేదు, ఇందాకటిది విన్నాను. తర్వాత చూద్దామని జెండా పెట్టమంటావా?”

“అక్కర్లేదు నాన్నా,” అన్నది ఆమె, తడిసిన ముఖం తుడుచుకోకుండానే. “నా పరిశీలన ఎప్పుడో అయిపోయింది. ఆమోదం.”

ఆయన తన గొడుగు తెరిచి వారిద్దరి మీదా పట్టి, పిడిని యువకుని చేతిలో పెట్టారు. తాను మాత్రం జోరువానలో, పందెం గెలిచినవాడిలా ఛాతీ విరిచి ముందు నడిచారు.

“రేపు ఇంటికి రా మాస్టారూ!” వెనక్కి తిరగకుండానే కేకేశారు. “నేను కొట్టేసిన ఆ మొదటి రెండూ కూడా మళ్లీ చూద్దాం!”