ఇసుక మీద మండపం

"మండపం కూలాలి. కూల్చినట్టు మాత్రం కనిపించకూడదు. అదీ స్మగ్లర్ల ప్లాన్," అన్నాడు చీఫ్ సుశీల్ కుమార్. స్క్రీన్ మీద మైపాడుకు దక్షిణాన, ఒడ్డునే ఉన్న పాత రాతి మండపం. "శిథిలాలుగా కొనేసి, విదేశంలో ఓ కోటీశ్వరుడి తోటలో మళ్లీ నిలబెడతారు. ముఠాలో మన మనిషి ఉంది. ఎవాంజెలిన్. మండపం రిపేర్లు చూసే ఆర్కిటెక్ట్. కోడ్‌వర్డ్ 'ఉప్పు ఎండిందా'."

"చిన్నప్పుడు మా నాన్న భుజానెక్కి చూసిన మండపం సార్ అది," అంది ఏజెంట్ జబీనా. "ఒక్క రాయి కూడా పోనివ్వను."

మర్నాడు పొద్దున్నే చేపలు కొనేదానిలా బుట్ట చంకనెత్తుకుని మండపంలో అడుగుపెట్టింది. ఎదురుగా పట్టుచీర, చలువ కళ్లద్దాలతో ఎవాంజెలిన్.

"ఉప్పు ఎండిందా?"

"ఎప్పుడో ఎండింది." ఎవాంజెలిన్ నవ్వి పిస్టల్ తీసింది. "నేనిప్పుడు వాళ్ల మనిషిని. కాసేపట్లో ఇదంతా రాళ్లగుట్ట."

మూలన పంపు గుర్రుమంటోంది. జబీనాకు ఒళ్లు మండింది. అప్పట్లో మండపం కట్టినవాళ్లు పునాది గుంటల్లో ఇసుక నింపి స్తంభాలు నిలిపారు. భూమి కంపించినా తట్టుకుని వందల ఏళ్లుగా నిలిచింది. ఆ ఇసుకనే తోడేస్తున్నారు! సముద్రం వైపు స్తంభం అప్పటికే ఒరిగింది.

జబీనా ముక్కుపుడక మైక్ నొక్కింది. "పోలేరయ్యన్నా, తాళ్లు తీసుకుని రాండి!" ఒడ్డున నిలబడి తాళ్లతో అలివి వల లాగే జట్టుకు పోలేరయ్య పెద్ద. ముందే మాట్లాడుకున్నారు.

మరుక్షణం ఆమె చేతి గాజు విచ్చుకుని ఎవాంజెలిన్ మణికట్టుకు బిగుసుకుంది. ఇద్దరికీ ఒకే సంకెల.

"ఇప్పుడు కాల్చు. నా శవాన్ని ఈడ్చుకుంటా బయటికెట్టా పోతావో చూస్తా!" అంటూ పంపు వైరు పీకేసింది.

జట్టు దూసుకొచ్చింది. వల తాళ్లు స్తంభానికి చుట్టుకున్నాయి. ఆడవాళ్లు ఒడ్డు నుంచి తట్టలతో ఇసుక తెచ్చి గుంటలో పోస్తున్నారు.

"వదలబాకండి! మనూరి మండపం! ఐలెస్సా!" అని అరిచాడు పోలేరయ్య.

పైన కప్పురాయి కిర్రుమంది. సంకెలతో తప్పించుకోలేక ఎవాంజెలిన్ పిస్టల్ పారేసి, రెండు చేతులా తాడు పట్టుకుని లాగింది. కప్పు జారబోయే ఆఖరి క్షణంలో స్తంభం నిటారుగా లేచింది. ఇసుక దాన్ని గట్టిగా పట్టేసింది.

పంపు పెట్టి పారిపోయిన ముఠా మనుషుల్ని పోలీసులు హైవే మీద పట్టుకున్నారు. ఎవాంజెలిన్‌ను జీపెక్కిస్తుంటే పోలేరయ్య అడ్డొచ్చి, ఆమె కొంగులో చేపలు పోశాడు.

"ఆమెకెందుకన్నా?" అంది జబీనా.

"అలివి తాడు పట్టినోళ్లకి వాటా ఇయ్యాల్సిందే గదమ్మా. దొంగైనా సరే."

ఎస్సై తల గోక్కున్నాడు. "మేడం, వీటిని పంచనామాలో ఏమని రాయమంటారు?"

"ముద్దాయి కష్టార్జితం అని రాయండి," అంది జబీనా. "బహుశా మొదటిది."