రేగులగూడెం బొడ్రాయి

1948 వేసవి. నూజివీడు మామిడితోటలో ఇన్ఫార్మర్ సలోమోను కత్తిపోట్లతో పడివున్నాడు. ప్రాణం పోతూ ఏజెంట్ ప్రభాకరరావు చెవిలో ఒక్క ముక్క చెప్పాడు. "రేగులగూడెం... రేపు బాంబు."

"ఆ ఊరు నిజాం ఇలాకాలోది," అన్నాడు చీఫ్ నారాయణరావు. "సుభద్ర కన్ఫర్మ్ చేసింది. వదిలెయ్."

నిజాంకి ఆయుధాలమ్మే విదేశీ ముఠాలో డిపార్ట్‌మెంట్ గూఢచారిగా నాటిన అందగత్తె సుభద్ర. ఆమె మాటంటే చీఫ్‌కి వేదం.

"ఆ ఊరు కిందటి నెలే తగలబెట్టారు సార్. బూడిదకి బాంబెందుకండీ? ఇటుపక్కా రేగులగూడెం ఉంది. అవతలి జనం పారిపోయొచ్చి ఇక్కడి సత్రంలోనే ఉన్నారు."

మర్నాడు ప్రభాకరరావు మామిడి బేరగాడి వేషంలో ఇటుపక్క రేగులగూడెంలో దిగాడు. ఊరి నడుమ, సత్రానికి ఎదురుగా, బొడ్రాయి దగ్గర ముసలి మంగమ్మ నీళ్ళ చెంబుతో కూర్చుంది.

"రెండూళ్ళకీ ఒకే పేరేంటి అవ్వా?"

"ఇక్కడ రేగుచెట్లుండేవి నాయనా, అందుకా పేరు. కరువొచ్చి మా పెద్దోళ్ళు నిజాం వైపు పోతా ఈ రాతి ముక్కా, ఊరి పేరూ పట్టుకుపోయారు. అక్కడ రేగుచెట్టే లేదు! తిరిగొచ్చినోళ్ళం ఈ రాయికి నీళ్ళు పొయ్యందే మెతుకు ముట్టం. నా ముగ్గురు మనవలూ సత్రంలోనే ఉన్నారు. ఇంకెవరూ మిగల్లా."

అంతలో చిరుగుచీర మనిషి, చెంగు ముఖం మీదికి ముసుగేసుకుని, మామిడిపళ్ళ బుట్టతో వచ్చింది. "అవతలి రేగులగూడెం దాన్నమ్మా. పిల్లలకి పళ్ళు."

ఆ పేరు చెబితే ఇక్కడ ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు. అందరూ దారిచ్చారు. నూజివీడు గడ్డకి మామిడిపళ్ళు మోసుకురావడమేంటో, ఒక్కడికీ తట్టలేదు!

"ఓసినీ!" మంగమ్మ లేచింది. "బొడ్రాయి పక్కనుంచే పోతంది, నీళ్ళు పొయ్యదేం?"

ప్రభాకరరావు పరుగెత్తాడు. సత్రం గుమ్మంలో ఆమె చెంగు లాగాడు. సుభద్ర! చేతిలో పిస్టల్.

"లేటయ్యారండీ," అని నవ్వింది.

బొడ్రాయి దగ్గర్నుంచే మంగమ్మ ఇత్తడి చెంబు ఆమె చేతికేసి విసిరింది. గురి తప్పిన గుండు అవ్వ భుజం చీల్చింది. ప్రభాకరరావు బుట్ట లాక్కున్నాడు. గడ్డి కింద టిక్, టిక్. సత్రం పక్క పాడుబావిలోకి గిరాటేసి నేలకి కరుచుకున్నాడు. బావి గట్టు ఎగిరిపోయింది. పిల్లలు గొల్లుమన్నారు. ముగ్గురూ క్షేమం.

సుభద్ర అప్పటికే సైనైడ్ గుళిక కొరికేసింది.

సాయంత్రం చీఫ్ జీపు దిగాడు. ఆమె శవం వైపు చూడలేకపోయాడు.

"రిపోర్టులో ఏ రేగులగూడెం అని రాయమంటావయ్యా?"

భుజానికి కట్టుతో మంగమ్మ బొడ్రాయి మీది తన నెత్తురు కడుగుతోంది.

"ఇక ఉన్నదొక్కటే కదండీ," అన్నాడు ప్రభాకరరావు.