గోడ కట్టిన వైపు

ఊళ్లో ఒకప్పుడు కోట ఉండేదని ఆమె చెవినిల్లు కట్టుకుని చెబుతూనే ఉంది. వినీ వినీ విసిగిపోయిన జనం ఆమెకి కోటమ్మ అని పేరు పెట్టేశారు. పాత కట్టడాలు తవ్వి చూడటం ఆమె ఉద్యోగమే. కానీ ఈసారి అది ఉద్యోగం కాదు. కొత్త రోడ్డు అక్కావాళ్ల ఇంటి మీదుగా పోతోంది. కోట ఆనవాలు ఒక్కటి చూపిస్తే ఇల్లు నిలుస్తుంది. లేదంటే రేపు యంత్రాలొస్తాయి.

భోజనాలయ్యాక బావను వెంటబెట్టుకుని ఆ ఇంటి నేలమాళిగలోకి దిగింది. అక్కడ ఒక గోడ తడితే డొల్లగా మోగుతోంది. రాళ్లు ఊడదీసి, మనిషి దూరేంత కంత చేశారు. ఇవతల అడుగు తీసి అడుగు వేయడానికి వీల్లేకుండా అక్క పాత సామాను. అందుకే తీసిన రాళ్లన్నీ కంతలోంచి అవతలికే నెట్టేసి, వాటి వెనకే పాక్కుంటూ దూరారు.

లోపల తడి మట్టి వాసన, పాత సున్నం వాసన. టార్చి వెలుగులో తీరుగా చెక్కిన బండలు, పైన వంపు తిరిగిన రాతి కప్పు. కోటే! ఆమెకి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.

“ఇంక నిన్నెవరూ వెక్కిరించరులే కోటమ్మా,” అన్నాడు బావ.

నవ్వుతూ ఆమె టార్చిని తాము దూరి వచ్చిన గోడ వైపు తిప్పింది. రాళ్ల సందుల్లో సున్నం తాపీతో నున్నగా నొక్కి ఉంది. నేలమాళిగ వైపు అదే సున్నం ముద్దలు ముద్దలుగా పొంగి ఉండటం ఇందాక చూసింది. గోడ కట్టేవాడు తను నిలబడ్డ వైపే నునుపు చేస్తాడు. అంటే కట్టినవాడు ఇటే ఉండిపోయాడు. ఈ గదికి ఇంకో దారి లేదు. ఎముక ముక్క కూడా లేదు.

“బావా... పోదాం పద.”

కంత ఇందాకటి కంటే చిన్నగా ఉంది. పక్కన రాళ్ల కుప్ప తరిగిపోయింది...

“రాళ్లు నువ్వు పెట్టావా?” గుసగుసగా అడిగింది.

“నా చెయ్యి పట్టుకునే ఉన్నావు కదే...”

టార్చి ఆరిపోయింది. చీకట్లో రాయి మీద రాయి కూర్చున్న చప్పుడు. ఆ వెంటనే తాపీ గీకుడు... నింపాదిగా. ఇద్దరూ గోడ మీద పడి బాదారు. చేతులకి తడి సున్నం అంటుకుంది. పిడికెడు సందే మిగిలింది. ఆమె నోరు దానికి ఆనించి, గొంతు చించుకుని “అక్కా!” అని అరిచింది.

అవతల మెట్ల మీద అక్క గొంతు వినిపించింది. ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

“అయిందా మీ తవ్వకం? ఇద్దరి ముఖాలకీ ఆ సున్నమేంటి? ఇంతకీ ఏమన్నా దొరికిందా?”

అవతలి నుంచే ఎవరో బదులు చెప్పారు. ఆ గొంతు అచ్చం ఆమెదే.

“అక్కడేం లేదక్కా. రోడ్డు వేసుకోమను.”