పిన్ని అడిగిన వల్యాతల ఫోటో

రేడియోలో పాట మధ్యలో ఆగిపోయింది.

"ఇప్పుడు కబుర్లు," అన్నాడు అనౌన్సరు.

ఆండీస్ కొండల మీది ఇళ్ళకి ఫోన్లు లేని రోజులవి. ఎవరికైనా కబురు పంపాలంటే పట్నంలో రేడియో స్టేషనుకి వెళ్ళి చెప్పేవాళ్ళు. అనౌన్సరు చదివితే కొండలన్నీ వినేవి.

పొయ్యిలో పిడక పెడుతున్న నిల్డా చెవి అటు వేసింది.

"పై బీడులో ఉండే నిల్డాకి. రీలు కడిగించాం. ఫోటోలన్నీ చక్కగా వచ్చాయట, కవరు అక్కడే విప్పుతాం. ఈ మధ్యాహ్నం లారీలో వస్తున్నాం. బంగాళాదుంపలు ఉడకబెట్టి ఉంచండి. ఇట్లు, ఎవరిస్తో బాబాయ్, దెల్ఫీనా పిన్ని."

అమ్మ నవ్వింది. "పెళ్ళై రెండు నెలలు తిరగలేదు, మీ బాబాయ్ కొండలన్నీ వినేలా తిండి అడుగుతున్నాడు చూడు."

నిల్డా ఎగిరి గంతేసింది. అంతలోనే ఏదో గుర్తొచ్చి వాకిట్లోకి వెళ్ళింది. రాతి గోడ మీద చేతులు ఆనించి కిందికి చూసింది. చిత్తడి బీడు పచ్చగా ఉంది, ఖాళీగా ఉంది. సరస్సుకి అవతల, ఉత్త రాళ్ళుండే ఒడ్డున మాత్రం తెల్లటి చుక్కలు రెండు కదులుతున్నాయి.

పెళ్ళి కాకముందు పిన్ని ఈ ఇంట్లోనే ఉండేది. పొద్దున్నే ఇద్దరూ ఈ గోడ మీద కూర్చుని వేడి సూప్ తాగుతూ వల్యాతలని చూసేవాళ్ళు. వల్యాతలంటే అక్కడి అడవి బాతులు. తెల్లటి ఒళ్ళు, నల్లటి రెక్క చివరలు, చిన్న గులాబీ రంగు ముక్కు. ఎప్పుడూ జంటగానే తిరుగుతాయి. ఉన్ని కోసం పెంచే అల్పాకాల మంద మేస్తుంటే వాటి కాళ్ళ పక్కనే అవీ గడ్డి తెంపుకునేవి. అవి తెంపే చప్పుడు గాలి లేనప్పుడు గోడ దాకా వినిపించేది. అప్పుడు పిన్ని సూప్ తాగడం ఆపి నిల్డా మోచేతిని పొడిచేది.

పట్నానికి వెళ్ళే రోజున పిన్ని తన పెళ్ళికి వచ్చిన కెమెరాని నిల్డా చేతిలో పెట్టింది.

"అక్కడ నా కిటికీ తెరిస్తే పక్కింటి గోడే కనిపిస్తుందటే. మన వల్యాతలకి ఒక్క ఫోటో తియ్యి. రోజూ చూసుకుంటాను."

నిల్డా ఫోటోలు తీసింది. రీలు లారీ డ్రైవరుతో పంపింది. కానీ తీసిన రోజు నుంచీ వల్యాతలు ఇటు దిగడం మానేశాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పిన్ని వచ్చేసరికి అవి తిరిగొస్తే బాగుండునని మాత్రం రోజూ అనుకుంది.

మధ్యాహ్నం లారీ వచ్చింది. బాబాయ్ నెత్తి మీద రెండు టోపీలున్నాయి, ఒకదాని మీద ఒకటి.

"నా టోపీ గాలికి పోతుందని తనే పెట్టుకున్నాడు," అంది పిన్ని, దుమ్ము దులుపుకుంటూ. "లారీలో అందరూ నవ్వుతుంటే ఈయనకి సిగ్గే లేదు."

"సిగ్గుపడి ఉంటే నీ టోపీ ఈపాటికి సరస్సులో ఉండేది," అన్నాడు బాబాయ్.

పిన్ని మూట కింద పెట్టకుండానే గోడ దగ్గరికి పరిగెత్తింది. చూసింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది.

"నా వల్యాతలేవే?"

"అవతల ఒడ్డున," అంది నిల్డా.

"ఆ రాళ్ళలోనా? అక్కడేం తింటాయి? పిల్లలున్నాయి కదా."

"కొన్నాళ్ళుగా ఇటు రావట్లేదు," అంది అమ్మ. "నక్క తిరుగుతోందేమో."

నిల్డా తల వంచుకుని మూట ఎత్తుకుంది.

లోపల కంబళి మీద అందరూ కూర్చున్నారు. నాన్న మొక్కజొన్న తేవడానికి లోయలోకి వెళ్ళాడు. ఆయన వాటా దుంపలు కూడా బాబాయ్ ముందుకే వచ్చాయి. ఓ పక్క వాటిని ఒలుచుకుంటూనే బాబాయ్ ఫోటోలు తీసిన వరసలో పరిచాడు.

మొదటిది దూరం నుంచి తీసింది. అల్పాకాల కాళ్ళ మధ్య రెండు వల్యాతలు, చుట్టూ నలుపు తెలుపు చారల పిల్లలు. ఒక బాతు తల గడ్డిలో ఉంది. ఇంకోటి మెడ నిటారుగా ఎత్తి నిలబడింది.

"ఇదిగో, ఇతనే నాన్న," అంది పిన్ని.

"రెండూ ఒకేలా ఉన్నాయిగా, ఎలా చెప్పావ్?" అన్నాడు బాబాయ్.

"పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్ళూ మన చిత్తడిలో మగదానిది ఇదే వరస. ఆమె కడుపునిండా తింటుంది. అతను కాపలా కాస్తాడు. తిండి మీద ధ్యాసే ఉండదు."

అమ్మ బాబాయ్ ముందున్న తొక్కల కుప్ప వైపు చూసింది. "దెల్ఫీనా, ఆ ఒక్క విషయంలో మాత్రం నీ మొగుడికి పోలిక లేదులే."

"నేను తిన్నాక కాపలా కాస్తాను వదినా," అన్నాడు బాబాయ్. అందరూ నవ్వారు.

రెండో ఫోటో దగ్గర నుంచి తీసింది. రెండు బాతులూ తలలెత్తి ఉన్నాయి.

"మంద ఏదే?" అంది అమ్మ.

"అడ్డొస్తున్నాయని వదిలేసి ముందుకెళ్ళాను."

మూడోది చూడగానే బాబాయ్ దుంప పక్కన పెట్టేశాడు. ఫోటో నిండా ఒకే బాతు. రెక్కలు రెండూ విప్పి, మెడ చాచి, సూటిగా ఇటే వస్తోంది.

"అబ్బ, డాన్స్ చేస్తున్నట్టుంది. గోడకి ఇదే పెడదాం."

కెమెరా నొక్కినప్పుడు నిల్డా కూడా అలాగే అనుకుంది. ఇప్పుడు ఫోటోని దగ్గరికి తీసుకుంది. విప్పిన రెక్క కింద, గడ్డిలో ఏదో ఉంది. చారల పిల్ల ఒకటి. నేలకి అతుక్కుపోయి ఉంది. ఆ రోజు అది తనకి కనిపించనే లేదు.

తర్వాతి ఫోటోలో తల్లి బాతు బీడులో పారే వాగుకి అవతల ఉంది. కొన్ని పిల్లలు ఆమె దగ్గరున్నాయి. ఇటు ఒడ్డున రెండు పిల్లలు నోళ్ళు తెరిచి ఉన్నాయి. వాటికీ కెమెరాకీ మధ్య నాన్న బాతు ఒక్కటే నిలబడి ఉంది.

నిల్డా చేతిలోని ఫోటోని కంబళి మీద పెట్టింది.

"నక్క కాదమ్మా," అంది నిల్డా. "నేనే. అవి అటు తిరిగి ఉన్నాయి. ఎండ మొహాల మీద పడితే ఫోటో బాగా వస్తుందని ఒడిసెల ఝళిపించాను. రాయి పెట్టలేదు, చప్పుడే చేశాను. అల్పాకాలు ఆ చప్పుడికి తిరుగుతాయి కదా, ఇవీ తిరుగుతాయనుకున్నా."

"అల్పాకాకి దాని అర్థం ఇటు తిరగమని," అంది అమ్మ మెల్లగా. "వల్యాతకి?"

నిల్డా ఫోటో వైపు చూసింది. "పారిపొమ్మని."

"మరి ఆ రెండు పిల్లలూ?" అంది పిన్ని.

"కలిశాయి పిన్నీ. వాళ్ళ నాన్న నన్నే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి వాటిని నీళ్ళలో దింపాడు. అప్పుడు కూడా నేను నవ్వాను. వింతగా నడుస్తోందని."

పిన్ని ఆమెని దగ్గరికి లాక్కుని జడ సరిచేసింది.

"అక్కా, గుర్తుందా? వల్యాతలు బెదరకుండా అమ్మ మనల్ని చిత్తడిలో వాటికి వీపు తిప్పి కూర్చోమనేది."

"గుర్తులేకపోవడమేం? ఒడిలో ఊలు, చేతిలో కదురు. వల్యాతల వైపు తేరిపార చూశామంటే నెత్తిన మొట్టికాయే."

"చుట్టూ మంద. వెనకాల గడ్డి తెంపుతున్న చప్పుడు దగ్గరికొచ్చేది. చూడాలని ప్రాణం లాగేసేది. ఒకసారి పిల్ల ఒకటి వచ్చి నా లంగా అంచు పీకింది. నవ్వు ఆపుకోలేక చచ్చాను."

"ఆపుకున్నావా? కదురు పడేసి కిలకిలా నవ్వావు. సాయంత్రం దాకా అమ్మ నీతో మాట్లాడలేదు."

అక్కాచెల్లెళ్ళు ఇప్పుడూ అలాగే నవ్వారు. అమ్మ అలా నవ్వడం నిల్డా చాలా రోజుల తర్వాత వింది.

"అలా కూర్చుంటే ఇప్పుడు కూడా వస్తాయా?" అని అడిగింది.

"మా దగ్గరికి వచ్చాయి," అంది పిన్ని. "వీటి సంగతి వీటికే తెలియాలి."

నిల్డా రెక్కలు విప్పిన ఫోటో తీసి కవర్లో పెట్టేసింది. మెడ ఎత్తి కాపలా కాస్తున్న మొదటి ఫోటోని పిన్ని చేతికిచ్చింది.

"గోడకి ఇది పెట్టుకో పిన్నీ. ఆ కవర్లోది అవి భయపడుతున్నప్పుడు తీసింది."

పిన్ని దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుంది. "ఇందులో గడ్డి వాసన కూడా వస్తోంది," అంది.

"ఏదీ?" అంటూ బాబాయ్ నిజంగానే ముక్కు ఆనించి చూశాడు. తర్వాత సంచిలోంచి కొత్త రీలు తీశాడు. "ఏం ఫర్వాలేదు నిల్డా. మేం ఆదివారం దాకా ఇక్కడే ఉంటాం. రేపు ఇంకా మంచిది తీద్దువుగాని."

నిల్డా రీలు అందుకుంది. దాన్నీ కెమెరానీ కలిపి మళ్ళీ ఆయన సంచిలోనే పెట్టింది.

"రేపు కెమెరా వద్దు బాబాయ్. ఆ నాన్న బాతు కూడా తల దించి తినేదాకా తియ్యను. రేపు పొద్దున్నే పిన్నీ నేనూ మందతో పాటు నెమ్మదిగా దిగి, వాటికి వీపు తిప్పి కూర్చుంటాం. మాట్లాడకుండా ఉండగలిగితే నువ్వూ రావచ్చు."