రెండోసారి తిరిగే వీధి

మట్టల ఆదివారం వస్తోందంటే సుకుమార్‌కి ఇప్పటికీ ఆ శనివారం మధ్యాహ్నమే గుర్తొస్తుంది. చర్చి వరండాలో అప్పుడే కోసుకొచ్చిన ఈతమట్టల పచ్చి వాసన, గచ్చు మీద సుద్దముక్కతో గీసిన ఊరి మ్యాపు, దాని ముందు మఠమేసుకుని కూర్చున్న క్రిస్టినా.

పాలకొల్లు పక్కన ఆ ఊళ్ళో మట్టలు పట్టుకున్న ఊరేగింపు చర్చి దగ్గర బయల్దేరి, అన్ని వీధులూ తిరిగి, మళ్ళీ చర్చికే రావాలి. ఒక్క వీధి వదిలేసినా ఆ వీధివాళ్ళు ఏడాదంతా సాధిస్తారు. అందుకని పాస్టరుగారు దారి గీసే పని కాలేజీలో లెక్కలు చెప్పే సుకుమార్‌కి అప్పగించారు. నాలుగేళ్ళుగా గీస్తున్నది అతనే. రాజమండ్రిలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ పూర్తిచేసి వచ్చిన క్రిస్టినా ఆ మ్యాపుని మొదటిసారి పరీక్షగా చూసింది.

"ఏంటండీ, మా వీధి రెండుసార్లు తిప్పారు?"

"తప్పదండి. రేషన్ షాపు దగ్గర మూడు దారులు, కాలవ వంతెన దగ్గర మూడు. మిగతా చోట్లన్నీ సరిసంఖ్యే. ఒక దారిన వస్తే ఇంకో దారిన పోవాలి కదా, బేసి ఉన్నచోట ఒకటి మిగిలిపోద్ది. ఆ రెండు చోట్లనీ కలిపే దారి మళ్ళీ నడవాల్సిందే, అది మీ వీధే."

"గ్రాఫ్ థియరీ మాకూ చెప్పారులెండి. ఆ రెంటినీ కలిపే పాలకేంద్రం సందు ఉందిగా. మా వీధిలో సగం కూడా ఉండదు. అది వదిలేసి ముసలాళ్ళని ఎండలో అంత దూరం నడిపించడమెందుకు?"

సుకుమార్‌కి గడిచిన మట్టల ఆదివారాలు గుర్తొచ్చాయి. ఏటా సెలవులకొచ్చిన క్రిస్టినా వాళ్ళింటి అరుగు మీద నిలబడి అందరికీ మజ్జిగ ఇచ్చేది. ఊరేగింపు రెండోసారి వచ్చినప్పుడు అతన్ని చూసి నవ్వేది. ఎంత మంచి రోజులవి. ఆ నవ్వు కోసం ఊరంతటినీ నడిపించాడు.

"ఈస్టర్ అవగానే పెనుగొండ నుంచి నన్ను చూసుకోడానికి వస్తున్నారు," అంది ఆమె తలెత్తకుండా. "ఎందుకు తిప్పారో ఈలోగా చెప్తే బాగుంటుంది."



"మిమ్మల్ని ఇంకోసారి చూడొచ్చని," అన్నాడు. "మీరంటే నాకిష్టమండి. మొదటి ఏడాది నుంచీ."

క్రిస్టినా చెవులు ఎర్రబడ్డాయి. సుద్దముక్క కింద పెట్టేసింది.

"నాకు చెప్తే సరిపోదు. నాన్నగారికి చెప్పండి."

ఆమె తండ్రి రాజరత్నం గారు రిటైరైన హెడ్‌మాస్టరు. ఆ సాయంత్రమే సుకుమార్ వెళ్ళి చెబితే, పడకకుర్చీలో కూర్చుని అంతా విన్నారు.

"అంటే, ఊరేగింపు మా వీధికి రెండోసారి వచ్చేది నా మీద గౌరవంతో కాదా?"

"కాదండి."

"ఊళ్ళో అందరికీ అదే చెప్పుకున్నానయ్యా నేను. రెండోసారికి కూడా సరిపోవాలని బిందెడు మజ్జిగ చేయిస్తున్నాను."

సుకుమార్ తల దించుకున్నాడు. రాజరత్నం గారు లోపలికి తిరిగి, "అమ్మాయ్, నీకూ ఇష్టమేనా?" అని అడిగారు.

"ఇష్టమే నాన్నా," అని తలుపు వెనక నుంచి వెంటనే జవాబొచ్చింది.

ఆయన నిట్టూర్చి భార్యని పిలిచారు.

"రూతూ, పెనుగొండ వాళ్ళకి ఫోను చేసి రావద్దని చెప్పు." తర్వాత సుకుమార్ వైపు వంగి గొంతు తగ్గించారు. "నువ్వు మాత్రం రేపు ఆ దారి మార్చకు. ఈ సంగతి బయటపడితే ఊళ్ళో నా పరువేం కాను?"